అమ్మమ్మ చర్చికి వెళ్లేది, నేను గుడికి వెళ్తాను: మరి ఆ ఋణం ఎలా తీర్చుకోవాలి?



ఈ వారం భీష్మ ఏకాదశి వీడియోలో విష్ణు సహస్రనామం ఎలా పుట్టిందో చెప్పుకున్నాం. అందులో ఒక విషయం కావాలనే వదిలేశాను. మూడు నిమిషాల్లో తేల్చేసే విషయం కాదది. కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

ముందు ఒక్కసారి ఆలోచించండి. సహస్రనామం చెప్పింది ఎవరు? ఒక తాత. ఎవరికి? మనవడికి. ఎప్పుడు? ప్రాణం పోయే ముందు. యుద్ధం అయిపోయింది, ధర్మరాజు గెలిచాడు. కానీ మనసులో శాంతి లేదు. అప్పుడు కృష్ణుడు ఏం చేశాడు? గీత చెప్పినవాడు ధర్మరాజుకి కూడా తనే ఇంకో గీత చెప్పొచ్చు కదా! చెప్పలేదు. "మీ తాత అంపశయ్య మీద ఉన్నాడు, ఆయన పోతే ఆయనతోపాటు ఆ జ్ఞానమంతా పోతుంది, వెళ్లి అడుగు" అన్న అర్థం వచ్చేలా చెప్పి, దగ్గరుండి తీసుకెళ్లాడు. భీష్ముడు ఆ బాణాల మీద 58 రాత్రులు గడిపానని తనే చెప్పుకున్నాడు. భారతంలో పద్దెనిమిది పర్వాలుంటే, శాంతి పర్వం, ఆనుశాసనిక పర్వం దాదాపు మొత్తం ఒక తాత చివరి మాటలే. మన తెలుగులో వాటిని తిక్కనగారు రాశారు.

అంటే దేవుడే పక్కన నిలబడి, "నన్ను కాదు, మీ తాతని అడుగు" అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్ల చివరి రోజులకి మన సంప్రదాయం ఇచ్చిన విలువ అది.

ఇక్కడే నా సొంత ప్రశ్న మొదలవుతుంది. నాకు భీష్ముడిలా చెప్పి వెళ్లిన మనిషి మా అమ్మమ్మ. ఆమె క్రిస్టియన్.

మా ఇంటి సంగతి

మా అమ్మవాళ్లది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. అమ్మమ్మ మిషన్ స్కూల్లో చదువుకుని, టీచర్ అయి, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకి చదువు చెప్పింది. ఆ వైపు ఇది పాత కథే. అమెరికా నుంచి హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చింది 1842లో. అక్కడి బళ్లు, ఆసుపత్రులు, చర్చిలు చాలావరకు ఆ తర్వాత వచ్చినవే. కాబట్టి అమ్మమ్మ మతం ఆమెకి నిన్నా మొన్నా వచ్చింది కాదు. వాళ్ల నాయనమ్మ నుంచే ఉంది.

అమ్మ, నాన్న ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. నాన్నవాళ్లు రోజూ సంధ్యాదీపం పెట్టే కుటుంబం. పెళ్లికి అమ్మమ్మ రాలేదు. రెండేళ్లు మాటల్లేవు. నేను పుట్టానని తెలిసి హాస్పిటల్‌కి వచ్చిందట. వచ్చి, నన్ను ఎత్తుకుని, ముందు నాన్న వైపు తిరిగి, "అల్లుడుగారూ, రెండేళ్లు మిమ్మల్ని బాధపెట్టాను, మనసులో పెట్టుకోకండి" అందట. నాన్న ఈ మాట ఇప్పటికీ చెప్తారు. వయసులో, వరసలో పెద్దావిడ, తనే ముందు అడిగింది అని.

అప్పట్నుంచి మా ఇంట్లో వినాయక చవితికి అమ్మమ్మ ఉండ్రాళ్లకి పిండి విసిరించి పంపేది. క్రిస్మస్‌కి మేం వాళ్లింటికి వెళ్లేవాళ్లం. నన్ను ఎప్పుడూ "చర్చికి రా" అని బలవంతపెట్టలేదు. ఒకే ఒక్క షరతు పెట్టేది: "నాన్నా, మీ నాన్న దేవుడికి దణ్ణం పెడితే మనసు పెట్టి పెట్టు. సగం సగం పెట్టకు. ఏ దేవుడికీ నచ్చదు."

పోయిన ఆషాఢంలో ఆమె వెళ్లిపోయింది. గుండె బాగా బలహీనపడింది, ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పారు. చివరి ఆరు వారాలు మా మామయ్య ఇంట్లో ఉంది. నేను లాప్‌టాప్ పట్టుకుని అక్కడికే వెళ్లి, పక్క గదిలోంచి పనిచేసుకున్నాను. ఆ ఆరు వారాల్లో నేను చూసినవి మూడు. మూడూ బైబిల్ నుంచి ఆమెకి వచ్చినవి. మూడూ నన్ను మళ్లీ గీత దగ్గరికే పంపించాయి.

ఒకటి: పేర్ల నోటుబుక్కు

అమ్మమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేది. చివరి రోజుల్లో కూర్చోలేకపోయినా, పడుకునే ప్రార్థన చేసేది. తలగడ కింద ఒక పాత నోటుబుక్కు. అందులో ప్రార్థనలు కాదు, పేర్లు ఉన్నాయి. మా అందరి పేర్లు, వీధిలోవాళ్ల పేర్లు, ఎప్పుడో చదువుకున్న స్టూడెంట్ల పేర్లు. పక్కన రెండు మాటలు: "కాలు ఆపరేషన్", "ఉద్యోగం లేదు", "తాగుడు మానాలి", "పాలబ్బాయి - కూతురు ఇంటర్ పరీక్షలు". పని అయిపోతే ఒక చిన్న గీత కొట్టి, తేదీ వేసేది.

ఒకరోజు అడిగాను: "అమ్మమ్మా, నీ కోసం ఏమీ అడగవా?"

"నా పేరు ఇంకెవరి పుస్తకంలోనో ఉంటుందిలే" అంది.

ఈ మాట దగ్గర ఆగండి. మనం గుడికి వెళ్లి అర్చన చేయించేటప్పుడు ఎవరి గోత్రం, ఎవరి పేర్లు చెప్తాం? మనవే. అందులో తప్పు లేదు. కానీ సంకల్పం అంటే నేను ఎవరు, ఏ చోట ఉన్నాను, ఏ కాలంలో ఉన్నాను, ఏం కోరి ఈ పని చేస్తున్నాను అని ఒక్కసారి నిలబడి గుర్తుచేసుకోవడం. పెద్దవాళ్లు చేసే సంకల్పాల్లో లోకక్షేమం కూడా ఉంటుంది. మనం స్పీడులో అది దాటేస్తాం.

గీత పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు తనకి ఇష్టమైన భక్తుడి లక్షణాలు చెప్తాడు. ఆ లిస్టు ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఎన్ని పూజలు చేశాడు అనో, ఎన్ని యాత్రలు తిరిగాడు అనో కాదు. ఏ ప్రాణి మీదా ద్వేషం లేకపోవడం, స్నేహం, కరుణ. అక్కడ మొదలవుతుంది. నాకు ఆ శ్లోకం ఇంటర్ నుంచే నోటికొచ్చు. కరుణ అంటే పాలబ్బాయి కూతురి పరీక్ష తేదీ గుర్తుపెట్టుకోవడం అని మాత్రం అమ్మమ్మ నోటుబుక్కు చూశాకే తెలిసింది. అందరి మీదా దయ ఉంది అనుకోవడం తేలిక. పేరు పెట్టి ఒక మనిషి కోసం రోజూ దణ్ణం పెట్టడం కష్టం.

రెండు: పెన్షన్‌లో మొదటి కవరు

పెన్షన్ రాగానే అమ్మమ్మ చేసే మొదటి పని, పదో వంతు తీసి ఒక కవర్లో పెట్టడం. వాళ్లు దాన్ని దశమభాగం అంటారు. మందులకి డబ్బులు సరిపోని నెలల్లో కూడా ఆ కవరు ముందే పక్కన పడేది. కొంత చర్చికి, కొంత ఎవరికి వెళ్లేదో మామయ్యకి కూడా తెలీదు. ఆమె పోయిన తర్వాత ఒక ఆటో డ్రైవర్ వచ్చి, తన ఐటీఐ ఫీజు రెండేళ్లు ఆమె కట్టిందని చెప్పి ఏడ్చాడు. దానం చాటింపు వేసుకుని చేయొద్దని యేసు కొండమీద ప్రసంగంలో చెప్పాడు. ఆమె దాన్ని అక్షరాలా పాటించింది.

మనకీ గుప్తదానం అనే మాట ఉంది. గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా విడదీశారు. తిరిగి ఏమీ ఆశించకుండా, ఇవ్వాల్సింది కాబట్టి ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం చూసుకునో, మనసు చివుక్కుమంటూనో ఇచ్చేది రాజసం. అవమానించి, తీసుకునేవాడి చెయ్యి కిందికి పెట్టించి ఇచ్చేది తామసం. ఈ రోజుల్లో ఈ మూడో రకం ఫోన్ కెమెరా పట్టుకుని వీధుల్లో తిరుగుతోంది. మీకు తెలిసిందే.

ఇంకో సంగతి. మన ధర్మంలో గృహస్థుడికి పంచ మహాయజ్ఞాలు చెప్పారు: దేవతలకి, ఋషులకి, పితృదేవతలకి, మనుషులకి, మిగతా ప్రాణులకి. అంటే ఇచ్చేది మిగిలినదాంట్లోంచి కాదు. వండిన అన్నంలో మొదటి ముద్ద పక్కన పెట్టి, తర్వాత తినడం. అమ్మమ్మ కవరు అదే పని చేసింది. నెలాఖర్లో మిగిలితే ఇద్దాం అనుకుంటే ఏ నెలా మిగలదు. మనలో ఒక్కొక్కరి అకౌంట్‌లోంచి ప్రతి నెలా ఐదో తారీకున ఎన్ని ఈఎంఐలు వాటంతట అవే పోతున్నాయో చూసుకోండి. వాటిలో ఒక్కటైనా ఇంకొకరి కోసం ఉందా?

మూడు: పొద్దు కుంకే లోపు

కోపాన్ని సూర్యాస్తమయం దాటి మోయకూడదనేది అమ్మమ్మ నియమం. పౌలు ఎఫెసు వాళ్లకి రాసిన ఉత్తరంలోంచి ఆమె పట్టుకున్న మాట అది. మామయ్యతో ఎంత గొడవైనా సాయంత్రం టీ తనే ఇచ్చేది. గొడవ అయిపోయిందని ఆ టీ కప్పుతోనే తెలిసేది.

ఇంక రోజులు లేవని తెలిశాక ఆమె చేసిన పనులు వినండి. ఎవరెవరి దగ్గర తీసుకున్న గిన్నెలు ఉన్నాయో వెతికించి తిరిగి ఇప్పించింది. పొలం గట్టు దగ్గర పంచాయితీతో పదకొండేళ్లుగా మాట్లాడని చెల్లెలికి నాతో ఫోన్ చేయించింది. ఆ చెల్లెలు మొదటిసారి ఫోన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడో రోజు ఆటోలో తనే వచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలీదు, తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చాక అమ్మమ్మ తన సమాధి దగ్గర ఏ పాటలు పాడాలో కాగితం మీద రాయించింది.

మనకి పరీక్షిత్తు కథ తెలుసు. ఏడు రోజుల్లో చావు అని తెలిసింది. రాజ్యం కొడుక్కి అప్పగించి, గంగ ఒడ్డున కూర్చుని, శుకమహర్షిని ఒకటే అడిగాడు: చావు దగ్గరికొచ్చిన మనిషి ఏం వినాలి, ఏం చేయాలి? ఆ ప్రశ్నకి జవాబే భాగవతం. అది పోతనగారి చేతుల్లో పడి మన ఇళ్లలోకి వచ్చింది. పరీక్షిత్తుకి మనకంటే ఏమీ ఎక్కువ లేదు. తేదీ తెలుసు, అంతే. మనకి తేదీ తెలీదు కాబట్టి చాలా ఉంది అనుకుంటాం.

గీత ఎనిమిదో అధ్యాయంలో, చివరి క్షణంలో దేన్ని తలుచుకుంటూ శరీరం వదులుతారో దాన్నే పొందుతారు అని ఉంది. చాలామంది దీన్ని చివరి నిమిషంలో పాస్ అయ్యే ట్రిక్కులా తీసుకుంటారు. కానీ ఆ వెంటనే కృష్ణుడు ఏమంటాడు? కాబట్టి అన్ని వేళలా నన్ను తలుచుకో, నీ పని నువ్వు చేయి. ఎందుకంటే చివర్లో మనసు కొత్తగా ఏదీ తెచ్చుకోదు. ఎప్పుడూ దేంట్లో మునిగి ఉందో దాంట్లోకే వెళ్తుంది. అమ్మమ్మకి చివరి నాలుగు రోజులు మా పేర్లు కలిసిపోయాయి, నన్ను మామయ్య పేరుతో పిలిచింది. కానీ చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తన పల్లవి అందుకుంటే చరణం తనే పూర్తిచేసింది. గొంతు రాకపోతే పెదవులు కదిలాయి. డెబ్భై ఏళ్లు రోజూ పాడింది కాబట్టి అది మిగిలింది. రేపు మన మనసు మొత్తం ఖాళీ అయితే అడుగున మిగిలేది ఏమిటి? నామమా, నోటిఫికేషన్లా? నన్ను నేను వేసుకునే ప్రశ్న ఇది.

అంతా ఒకటే అని చెప్పడం లేదు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పోస్ట్ చదివి "అన్ని మతాలూ ఒకటే" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. యేసు ఒక్కడే రక్షకుడు అని నమ్మి బతికింది, అదే నమ్మకంతో వెళ్లింది. మనం పునర్జన్మ అంటాం, వాళ్లు పునరుత్థానం అంటారు. మనం దహనం చేస్తాం, వాళ్లు భూమిలో పెట్టి ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. ఇవి పైపై తేడాలు కావు. ఆమె నమ్మకాన్ని తీసుకొచ్చి మన లెక్కలో కలిపేసుకుంటే అది గౌరవం అనిపించుకోదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని పేరు మార్చి పిలిచినట్టు ఉంటుంది.

మరి ఏది కలుస్తుంది? మనుషులు కలుస్తారు, భాష కలుస్తుంది. తెలుగు ఇళ్లలో దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. అమ్మమ్మవాళ్లు చనిపోయారు అనరు, ప్రభువునందు నిద్రించారు అంటారు. రెండు వైపులా అదే తెలుగు నోరు, చావుని కటువుగా పలకలేని నోరు. వాళ్ల ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూడండి. చాలా పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి. పల్లవి, చరణాలు ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు రాసినవి అందులో ఉన్నాయి. మా నాన్నమ్మ భజన కీర్తనలు, అమ్మమ్మ కీర్తనలు ఒకే రాగాల్లో నా చెవిన పడ్డాయి.

ఇంకోటి చెప్తాను. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను మన ఊళ్లలో ఎంతమంది తాతలకి నోటికి వచ్చో! ఆ సీనులో పాడే శ్మశానం పద్యాలు గుర్రం జాషువాగారివి. ఆయన 1895లో వినుకొండలో, క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆయన పద్యాలు సత్యహరిశ్చంద్రుడి నోట వినకపోతే మన ప్రేక్షకులు వన్స్‌మోర్ కొట్టరు. చావు ముందు అందరూ సమానమే అని తెలుగువాళ్లకి స్టేజీ మీద నేర్పిన పద్యాలు అవి. ఈ నేలలో ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పట్నుంచో ఉంది. మనం ఇప్పుడు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న

అమ్మమ్మ పోయిన రోజు రెండు వైపుల నుంచీ రెండు మాటలు విన్నాను. మావైపు ఒకాయన, "ఆవిడ మనవాళ్లు కాదు కదా, నీకు మైల ఏంటి?" అన్నాడు. అటువైపు ఒకావిడ, "సమాధి దగ్గరికి వచ్చేటప్పుడు బొట్టు తుడుచుకుని రా బాబూ" అంది. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరి పద్ధతి వాళ్లకి ముఖ్యం. మామయ్య మాత్రం ఆవిడతో, "మా అమ్మ వాణ్ణి బొట్టుతోనే ముద్దుపెట్టుకుంది అక్కా, అలాగే వస్తాడు" అన్నాడు. అలాగే వెళ్లాను. పిడికెడు మట్టి వేశాను.

రెండు నెలల తర్వాత మహాలయ పక్షం వచ్చింది. ఆమెకి నేను ఏం చేయొచ్చు? తెలిసిన పెద్దవాళ్లని అడిగాను, చదివాను. నాకు అర్థమైంది చెప్తాను.

మొదటిది, శాస్త్రం. తండ్రి బతికి ఉన్నవాళ్లు మామూలుగా పితృతర్పణం ఇవ్వరు. మా నాన్న ఉన్నారు, కాబట్టి నాకు ఆ అధికారం లేదు. ఇది మతం వల్ల వచ్చిన అడ్డు కాదు, అందరికీ ఉన్న నియమం. తర్పణం ఇచ్చేవాళ్ల విషయానికొస్తే, అందులో తండ్రి వైపు వాళ్లే కాదు, తల్లి వైపు తాత, అమ్మమ్మ కూడా ఉంటారు. మహాలయంలో కారుణ్య పితరులు అని గురువుల్ని, స్నేహితుల్ని, దూరపు బంధువుల్ని కూడా తలుచుకుంటారు. చివర్లో తల్లి, తండ్రి, బంధువు ఎవరూ లేనివాళ్ల కోసం కూడా నీళ్లు వదులుతారు. మనం పేరు కూడా ఎరగని మనుషుల కోసం! మన పెద్దవాళ్ల మనసు ఎంత విశాలమో దీనికంటే ఋజువు ఇంకేం కావాలి? మీ ఇంటి ఆచారం ప్రకారం ఎవరి పేరు ఎలా చెప్పాలో మీ పురోహితుణ్ణి అడగండి. సంప్రదాయానికో రకంగా ఉంటుంది.

ఇంకా ఆశ్చర్యం భీష్మాష్టమి. భీష్ముడికి పిల్లలు లేరు. అందుకని మాఘ శుద్ధ అష్టమి నాడు అందరూ ఆయనకి తర్పణం ఇవ్వాలన్నారు, తండ్రి ఉన్నవాళ్లు కూడా ఇవ్వొచ్చన్నారు. రక్తసంబంధం లేని తాతకి దేశమంతా మనవలే.

రెండోది, రాముడు. జటాయువు ఒక పక్షి. సీతమ్మ కోసం పోరాడి పడిపోయింది. రాముడు తన చేతులతో దహనం చేశాడు. గోదావరికి వెళ్లి, లక్ష్మణుడితో కలిసి ఉదకం వదిలాడు. దశరథుడు తనకి ఎంత పూజ్యుడో ఈ పక్షిరాజూ అంతే అని చెప్పాడు. కులం కాదు, గోత్రం కాదు, మనిషి జాతి కూడా కాదు. చేసిన ఉపకారం, తండ్రితో ఉన్న స్నేహం, అంతే చూశాడు. ఇక రావణుడు చనిపోయాక, అన్నకి కర్మ చేయడానికి విభీషణుడు వెనకాడాడు. అప్పుడు రాముడు శత్రుత్వం చావుతో అయిపోయిందని, రావణుడు నీకు ఎలాగో నాకూ అలాగే అని నచ్చజెప్పి చేయించాడు. శత్రువుకే ఇంత ఉంటే, ఎత్తుకుని పెంచిన అమ్మమ్మకి ఎంత ఉండాలి?

మూడోది, ఆమె ఇష్టం. నాకు అన్నిటికంటే బరువైనది ఇదే. శాస్త్రం ఒప్పుకున్నా, ఆమె పేరున నేను నువ్వులు, నీళ్లు వదిలితే ఆమెకి నచ్చేదా? బతికున్నప్పుడు నా బొట్టుని ఆమె గౌరవించింది. పోయాక ఆమె సిలువని నేను గౌరవించాలి కదా? చిత్రకూటంలో దశరథుడు పోయాడని తెలిసినప్పుడు రాముడు గారపిండిలో రేగుపళ్లు కలిపి పిండం పెట్టాడు. మనం ఏది తింటున్నామో అదే మన దేవతలకీ అన్నాడు. ఉన్నదాన్ని, నిజమైనదాన్ని పెట్టాలి. అరువు తెచ్చుకున్నది కాదు. కాబట్టి నా ఇంట్లో నేను నా ధర్మం ప్రకారం చేస్తాను. ఆమె సమాధి దగ్గర ఆమె ధర్మం ప్రకారం ఉంటాను.

అందుకని మహాలయ అమావాస్య రోజు నేను తర్పణం ఇవ్వలేదు. అమ్మ ఇంట్లో దీపం పెట్టింది. అమ్మమ్మ పనిచేసిన బడిలో పిల్లలకి ఆ రోజు భోజనం పెట్టించి, నోటుబుక్కులు ఇచ్చాం. ఎవరి పేరునా బ్యానర్ కట్టలేదు, ఆమెకి నచ్చదు. నవంబర్ 2న సమాధుల పండుగకి గుంటూరు వెళ్లి, మామయ్యతో కలిసి సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించాను. గాలికి రెండుసార్లు ఆరింది. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాను. పక్క సమాధి దగ్గరున్న ముసలాయన నా బొట్టు చూసి, "ఎవరి తాలూకు బాబూ?" అన్నాడు. చెప్పాను. "టీచరమ్మ మనవడివా! నా పేరు కూడా ఆమె పుస్తకంలో ఉండేది" అన్నాడు.

మనకి దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు ఋణాలు చెప్పారు. దేవుడు వేరని ఋణం రద్దు కాదు. నన్ను పెంచిన చెయ్యి ఎటు తిరిగి దణ్ణం పెట్టిందో చూసి నేను ఆ లెక్క వేయలేను.

మీరు చేయగలిగింది

మీ ఇంట్లో తాతయ్యో, నానమ్మో, అమ్మమ్మో ఉంటే, మతం ఏదైనా, భీష్ముడి దగ్గరికి ధర్మరాజు వెళ్లినట్టు ఒక్కసారి వెళ్లండి. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చోండి. మూడు అడగండి.

రోజూ దేవుడికి ఏం చెప్పుకుంటావు?

ఎవరితోనైనా మాట్లాడాల్సింది మిగిలిపోయిందా? నంబర్ కలపనా?

నువ్వు లేనప్పుడు మేం ఏం చేస్తే నీకు నచ్చుతుంది, ఏం చేస్తే నచ్చదు?

మూడోది అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. అపశకునం అనిపిస్తుంది. కానీ చాలామంది పెద్దవాళ్లు ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూ ఉంటారు, మనం బాధపడతామని వాళ్లే ఎత్తరు. ధర్మరాజు కూడా ముందు సిగ్గుతో, భయంతో దూరంగా నిలబడ్డాడు. తాతే దగ్గరికి పిలిచి, భయపడకుండా అడుగు అన్నాడు.

ఇక పోయినవాళ్ల విషయం. ఏం చేయాలో తెలియకపోతే, వాళ్లు చేసే మంచి పని ఒకటి ఎంచుకుని మీ పద్ధతిలో కొనసాగించండి. నేను ఒక నోటుబుక్కు కొన్నాను. రోజూ పొద్దున విష్ణు సహస్రనామం చదివాక అందులో పేర్లు చదువుతాను. ఇప్పటికి పద్దెనిమిది ఉన్నాయి. మొదటి పేరు అమ్మమ్మ చెల్లెలిది, ఆవిడకి మోకాలి నొప్పులు. రెండోది ఆ పాలబ్బాయి కూతురు. ఇంటర్ పాసయింది, ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం.

వచ్చే వారం వీడియోలో సహస్రనామానికి ముందు ధర్మరాజు అడిగిన ఆరు ప్రశ్నలు ఒక్కొక్కటిగా చూద్దాం. అప్పటిదాకా మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగడం మొదలుపెట్టండి.

అందరికీ శుభం కలగాలి. స్వస్తి.